పేరు ఆయనది, కిస్తీ నాది

బ్యాంకులో లోన్ల బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి కంప్యూటర్ తెరను నా వైపు తిప్పి చూపించింది. అందులో నా పేరు ఉంది, పుట్టిన తేదీ ఉంది, ఇంటి నంబరు కూడా తప్పు లేకుండా ఉంది. వాటి కింద, స్కోరు ఉండవలసిన చోట, మైనస్ ఒకటి అని ఉంది. అప్పటికి నాకు నలభై తొమ్మిదేండ్లు. సున్నా వచ్చి ఉంటే బాధపడేదాన్ని కాదు, లెక్కల్లో చిన్నప్పటి నుంచీ అలవాటే. సున్నా కంటే కిందికి దిగాలంటే మాత్రం ఏదో పెద్ద పాపమే చేసి ఉండాలి. ఏం చేశానో చెప్పమన్నాను.

“పాపమేం లేదమ్మా. మీరు ఎన్నడన్న అప్పు తీస్కున్నట్టు గానీ కట్టినట్టు గానీ కనిపిస్తలేదు. మీ గురించి సిస్టంకు ఏం తెల్వదు, గంతే” అంది ఆ అమ్మాయి.

మంచి పిల్ల. ఆ మాట ఎంత మెత్తగా చెప్పవచ్చో అంత మెత్తగా చెప్పింది. అయినా నాకు ఒళ్లు మండింది. అదే బ్యాంకుకు, అదే కౌంటరుకు ఇరవై ఏండ్ల పాటు నెల తప్పకుండా వచ్చి కిస్తీలు కట్టాను. ఆర్మూర్ మార్కెట్ యార్డుకు పోయే దారిలో మాకు పిండి గిర్ని ఉంది. జొన్నలు, గోధుమలు, మిర్చి, పసుపు, ఏది తెచ్చినా పట్టిస్తాం. రైతులు పంటంతా అమ్మగా ఇంటి వాడకానికి మిగుల్చుకున్న పసుపు కొమ్ములను సంచుల్లో తెచ్చి నా దగ్గరే పొడి పట్టించుకుపోతారు. అందుకని నా చేతికి వచ్చే ప్రతి నోటుకూ ఒక వైపు పసుపు, ఒక వైపు కారం అంటి ఉండేవి. నా కిస్తీ లెక్కపెడుతూ తుమ్మని క్యాషియర్‌ను నేను చూడలేదు. ఒక క్యాషియర్ సారైతే నన్ను చూడగానే జేబు రుమాలు తీసి ముక్కుకు కట్టుకునేవాడు. సిస్టంకు తెలియకపోతే పోనీ, ఆ ముక్కులకైనా నేను తెలుసు.

సంగతి ఏమిటంటే, ఆ కిస్తీలన్నీ మా ఆయన పేరు మీదివి. ఆయనది మోర్తాడ్. పెండ్లయిన కొత్తలోనే ఊళ్లో సగం మంది మగవాళ్లలాగే గల్ఫ్‌కు పోయాడు. అక్కడ పద్నాలుగేండ్లు, తిరిగి వచ్చాక ఇక్కడ ఎనిమిదేండ్లు. ఆయన అక్కడ ఉన్నప్పుడే నేను ఇక్కడ షెడ్డు కిరాయికి తీసుకుని గిర్ని పెట్టాను. మిషన్‌కు అప్పు కావాలని బ్యాంకుకు పోతే అప్పటి మేనేజరు నన్ను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఎంతో మర్యాదగా మీ ఆయన్ను పంపించండి అన్నాడు. మా ఆయన ఎడారిలో సిమెంటు మోస్తున్నాడని చెబితే, తొందరేం లేదు, సెలవుకు వచ్చినప్పుడే పంపించండి అన్నాడు. ఏడు నెలలు ఆగాం. ఆయన వచ్చి, ఒక సంతకం పెట్టి, మళ్లీ విమానం ఎక్కాడు. తరువాత మిర్చి మిషన్‌కు ఒక సంతకం, సంచులు మోసే ట్రాలీ ఆటోకు ఒక సంతకం. సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఆయన చేసిన పెద్ద పని అదే. కట్టడం నా పని. అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకూ కనిపించలేదు.

ఆయన గుండెపోటుతో పోయి అప్పటికి మూడేండ్లు. ఆ అమ్మాయి నా బాధ చూసి ఆయన పాత ఖాతా కూడా తీసింది. చూస్తూ చూస్తూ కనుబొమ్మలు పైకెత్తింది. ఒక్క నెల కూడా ఆలస్యం లేదట. ఇంత మంచి చరిత్ర ఈ బ్రాంచిలో చాలా తక్కువ మందికి ఉంటుందట. సారు చాలా క్రమశిక్షణ గల మనిషి అయి ఉండాలి అంది. మా ఆయన క్రమశిక్షణ గురించి చెప్పాలంటే, ఆయన కరెంటు బిల్లు ఎక్కడ కడతారో కూడా తెలియకుండానే పోయాడు. మనిషి బంగారం, కానీ తారీఖులు గుర్తుండవు. మా పెండ్లి రోజును ఒకసారి ఫోన్లో రెండు వారాల ముందే చెప్పి, గుర్తుంచుకున్నందుకు తనను తానే మెచ్చుకున్నాడు.

ఆయన స్కోరు నాకు రాదా అని అడిగాను. అడిగాక సిగ్గేసింది గానీ అడగడంలో తప్పేముంది? ఆయన పోయాక ఆయన బీపీ మిషన్ నాకు వచ్చింది, రెండు గడియారాలు వచ్చాయి, ఆయన అక్క కోపం మొత్తం నాకే వచ్చింది. స్కోరు ఒక్కటి మాత్రం మనిషితోపాటే పోతుందని ఆ అమ్మాయి చెప్పింది.

నేను అప్పు కోసం రావడానికి కారణం ఆ షెడ్డే. దాని యజమాని రిటైరైన బడి సారు. నిజామాబాద్‌లో ఉంటాడు. షెడ్డు అమ్మేస్తున్నానని, పాత కిరాయిదారును కాబట్టి ముందు నన్నే అడుగుతున్నానని అన్నాడు. వచ్చే దసరా దాకా ధర మార్చనని మాట ఇచ్చాడు. దసరా దాటితే మొబైల్ షోరూం పెట్టాలని చూస్తున్న మనిషికి ఇచ్చేస్తాడు. షెడ్డు పోతే గిర్ని పోయినట్టే. మిషన్లను కాంక్రీటులో బిగించాం. మూడు ఫేజుల కరెంటు అక్కడే ఉంది. కమ్మర్‌పల్లి నుంచి సంచి పట్టుకుని వచ్చే మనిషి నా మొహం చూసి రాడు, ఆ మలుపు చూసి వస్తాడు. నా దగ్గర ధరలో మూడో వంతు ఉంది. మిగిలింది బ్యాంకు ఇవ్వాలి.

దారి ఆ అమ్మాయే చూపించింది. మీ అబ్బాయి పేరు మీద తీసుకోండి అంది. మా కొడుకు ట్రాక్టర్ల షోరూంలో సేల్స్‌లో ఉన్నాడు. వాడి స్కోరు చూస్తే ఏడు వందల అరవై నాలుగు. బైకు కొన్న పుణ్యం. ఆ బైకు కొన్నప్పుడు వాడికి ఇంకా ఉద్యోగం రాలేదు. మొదటి పద్నాలుగు కిస్తీలు గిర్ని పైసల డబ్బాలోంచే పోయాయి. ఆ మాట నేను అక్కడ అనలేదు. తెర మీద వాడి అంకె పచ్చ రంగులో మెరుస్తుంటే తల్లిగా సంతోషించాలో, కట్టినదానిగా ఏడవాలో తేల్చుకోలేక ఊరుకున్నాను.

ఇంటికి వచ్చి చెబితే వాడు వెంటనే ఒప్పుకున్నాడు. “నా పేరు మీద తీస్కుందాం అమ్మా, నీది నాది అని ఏముంది గిండ్ల” అన్నాడు. వాడి మనసులో ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు కాబట్టే అంత తేలిగ్గా అనగలిగాడు. మా తమ్ముడూ అదే అన్నాడు. పక్కింటావిడా అదే అంది. కొడుకు మీద నమ్మకం లేదా అని అందరూ అడిగారు. ఉంది. వాళ్ల నాన్న మీద కూడా ఉండేది. నమ్మకం సంగతి కాదు నేను మాట్లాడుతున్నది.

ఆయన పోయాక గిర్ని లైసెన్సు ఆయన పేరు, కరెంటు మీటరు ఆయన పేరు, ఆటో ఆయన పేరు. వాటిని నా పేరుకు మార్చుకోవడానికి దాదాపు ఏడాది ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఆయన చనిపోయాడని రుజువు చేయడానికి ఒక్క కాగితం సరిపోయింది. నేను ఆయన భార్యనని, బతికే ఉన్నానని, ఆ గిర్ని నడిపేది నేనేనని రుజువు చేయడానికి పదకొండు కాగితాలు పట్టాయి. ఒక ఆఫీసులో ఇద్దరు సాక్షులను తెమ్మన్నారు. నా దగ్గర పిండి పట్టించుకునే ఇద్దరు మగవాళ్లను తీసుకుపోయాను. వాళ్లు నన్ను ఎరుగుదుమని సంతకం పెడితేనే నేను నేనయ్యాను. ఆ రోజు తిరిగి వస్తూ ఆటోలో ఏడ్చాను. ఇంకోసారి ఎవరి పేరు వెనకా నిలబడి బతకకూడదని అనుకున్నాను. షెడ్డు కొంటే నా పేరు మీదే కొనాలి, లేకపోతే ఆ మొబైల్ ఫోన్లాయనే కొనుక్కోనీ అని తేల్చి చెప్పాను.

మళ్లీ బ్యాంకుకు పోయి, నాకు స్కోరు ఎట్లా వస్తుందో చెప్పమన్నాను. చిన్న అప్పు ఏదైనా నా పేరు మీద తీసుకుని కడుతూ పోవాలంది ఆ అమ్మాయి. అవసరం లేదు కదా అన్నాను. అవసరం లేకపోయినా తీసుకోవాలట. అప్పు అక్కరలేని మనిషిని ఎవరూ నమ్మరని నాకు ఆ వయసులో తెలిసింది. దుకాణాల్లో ఈఎంఐ మీద ఇచ్చే వస్తువులకు పెద్దగా స్కోరు అడగరని అంది. ఇంట్లో పాత ఫ్రిజ్ దివ్యంగా నడుస్తుండగానే పన్నెండు నెలల కిస్తీల మీద కొత్త ఫ్రిజ్ కొన్నాను. మా కొడుకు దాన్ని చూసి నాకు మతి పోయిందనుకున్నాడు.

ఇక్కడే నేను నా బుద్ధి చూపించాను. రెండు కిస్తీలు కట్టేసరికి ఆ ఫ్రిజ్ తలుపు తీయాలంటేనే మనసు ఒప్పుకోలేదు. పరాయివాళ్ల ఫ్రిజ్‌లో నా పెరుగు పెట్టినట్టే ఉండేది. అదే సమయంలో ఒక పెండ్లివాళ్లు క్వింటాళ్ల లెక్కన కారం, పసుపు పట్టించి మంచి డబ్బులిచ్చారు. నేరుగా పోయి మిగిలిన పది కిస్తీలూ ఒక్క దెబ్బకు కట్టేశాను. ముందే కట్టినందుకు ఏదో ఫీజు కూడా వేశారు, అదీ కట్టాను. ఇక బాకీ లేదనే ఉత్తరం తీసుకుని, అర కిలో జిలేబీ కొనుక్కుని బ్యాంకుకు పోయాను.

ఆ అమ్మాయి ఉత్తరం చదివి తల పట్టుకుంది.

“ఎందుకు కట్టేసిండ్రమ్మా?”

“పైసలు వచ్చినయ్ బిడ్డా, కట్టిన.”

“వచ్చినా కట్టొద్దమ్మా. నెలకింత, తారీఖు ప్రకారం కట్టాలె. గప్పుడే మీరు కడ్తరని తెలుస్తది.”

నేను జిలేబీ డబ్బా మూత తీసి ఆమె ముందుకు జరిపాను. ఆమె ఒకటి తిని, పన్నెండు నెలల చరిత్ర కావలసిన చోట రెండు నెలలదే మిగిలిందని వివరించింది. మార్కెట్‌లో రైతుల పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణాలవాళ్లు నన్ను మెచ్చుకునేది ఇందుకే. మాట ఇచ్చిన రోజు కంటే ఒక రోజు ముందే కడతానని వాళ్లకు తెలుసు. అడిగితే రెండు బస్తాల పసుపు చీటీ లేకుండా ఇస్తారు. ఆ మంచితనమే బ్యాంకులో నాకు రోగంలా తయారైంది.

అప్పటికి జనవరి వచ్చింది. మార్కెట్‌కు కొత్త పసుపు రావడం మొదలైంది. దసరాకు తొమ్మిది నెలలు. ఇంకో ఫ్రిజ్ కొనే ఓపిక నాకు లేదు. అప్పుడు ఆ అమ్మాయి బంగారం ఏమైనా ఉందా అని అడిగింది. బంగారం మీద అప్పుకు స్కోరుతో పెద్దగా పని లేదు, నెలనెలా కడితే మాత్రం అదీ చరిత్రలోకి ఎక్కుతుందట. నా దగ్గర చెప్పుకోదగ్గ బంగారం ఒక్కటే. పుస్తెలతాడు. ఆయన పోయిన పదకొండో రోజున మెడలోంచి తీసినది, బీరువాలో ఉంది.

దాన్ని కుదువ పెట్టడం నాకు కొత్త కాదు. ఆయన వీసాకు ఒకసారి, బాబు నిమోనియాకు ఒకసారి, మోటరు కాలిపోయినప్పుడు ఒకసారి, బజారులో బంగారం కుదువ పట్టే దుకాణంలో పెట్టాను. అట్లా పెట్టిన ప్రతిసారీ మా వైపు ఆడవాళ్లందరూ చేసేదే నేనూ చేశాను. దారానికి పసుపు రాసి, ఒక పసుపు కొమ్ము కట్టి మెడలో వేసుకున్నాను. మొత్తం కలిపితే నాలుగేండ్ల పైనే పసుపు కొమ్ముతో తిరిగి ఉంటాను. ప్రతిసారీ వడ్డీతో సహా కట్టి విడిపించుకున్నాను. ఆ దుకాణంవాడు రాసి ఇచ్చిన చీటీలు ఏ కంప్యూటర్‌కూ ఎక్కలేదు, ఎక్కి ఉంటే ఈపాటికి మా ఆయనను మించిపోయేదాన్ని.

ఈసారి మెడలో ఏమీ కట్టుకోవలసిన పని లేదు. బీరువాలోంచి తీసి, సంచిలో వేసుకుని పోయి, బ్యాంకు తూకంలో పెట్టాను. ఫారం మీద నా ఒక్క పేరే రాశారు. సంతకం పెడుతుంటే ఆయన గుర్తుకొచ్చాడు. బతికి ఉంటే పక్కన నిలబడి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించేవాడు.

ఈ సంగతి మోర్తాడ్‌లో ఉండే ఆయన అక్కకు తెలిసింది. నా కంటే పదేండ్లు పెద్దది. బీడీలు చేసి నలుగురు పిల్లలను పెంచిన మనిషి, ఎవరికీ భయపడదు. బస్సెక్కి వచ్చి, మంచినీళ్లు కూడా ముట్టకుండా నిలబడే అడిగింది.

“గది నా తమ్ముడు కట్టిన పుస్తెనే. చచ్చిపోయినోని పుస్తె బ్యాంకుల ఎట్ల వెడ్తవ్?”

“ఆయన బతికున్నప్పుడు మూడుసార్లు పెట్టిన వదినె. అప్పుడు నువ్వేమనలే.”

అప్పుడు పెట్టింది వాడి కోసం కదా అంది ఆమె. ఇప్పుడు నా కోసం అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు ఇద్దరమూ ఆశ్చర్యపోయాం. ఆమె ఆ పూట భోంచేసి పోయింది గానీ, తరువాత రెండు నెలలు ఫోను చేయలేదు. నేనూ చేయలేదు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

తరువాతి నెలలు నా జీవితంలో అన్నిటికంటే కష్టంగా గడిచాయి. చేతిలో డబ్బు ఉండి కూడా బాకీ ఉంచుకోవడం అంటే ఏమిటో అనుభవించాను. ప్రతి నెలా ఐదో తారీఖు దాకా డబ్బును డబ్బాలో కూర్చోబెట్టి దాని చుట్టూ తిరిగేదాన్ని. ఒకసారి రెండో తారీఖునే పోతే ఆ అమ్మాయి నన్ను గుమ్మంలోనే ఆపి ఇంటికి పంపించింది.

ఈ మధ్యలోనే పక్కింటావిడ వచ్చి, నా పేరు మీద ఒక ఫోను ఈఎంఐలో ఇప్పించమంది. ఆమె పేరు మీద అప్పటికే రెండు నడుస్తున్నాయి, మూడోది ఇవ్వరట. నెలనెలా నాకే తెచ్చి ఇస్తానంది. మా వీధిలో పేరు అడగడం జల్లెడ అడిగినంత మామూలు. కాదంటే ముఖం మీద తలుపు వేసినట్టే. ఆమె కట్టలేక కాదు, తప్పకుండా కట్టేది. కానీ ఏ తారీఖున? నేను కుదరదన్నాను. మా ఆయన పోయిన వారంలో నా వంట మొత్తం చేసి పెట్టిన మనిషికి నేను ఆ మాట చెప్పాను. మంచి స్కోరు కావాలంటే కొంచెం చెడ్డ మనిషివి కావాలని ఎవరూ ముందుగా చెప్పలేదు. ఆమె ఇప్పుడు మాట్లాడుతుంది గానీ, ఆ నాటి నుంచి పిండి వేరే గిర్నిలో పట్టించుకుంటోంది. అది నాకు నిజంగా బాధ.

వినాయక చవితి వెళ్లిన వారానికి బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. పోయి చూస్తే తెర మీద ఏడు వందల ముప్పై ఎనిమిది. మైనస్ ఒకటి నుంచి అంత దూరం ఎక్కడానికి నాకు ఒక అక్కరలేని ఫ్రిజ్, ఒక పుస్తెలతాడు, ఒక పక్కింటి స్నేహం ఖర్చయ్యాయి. ఆ అమ్మాయి నా కంటే ఎక్కువ సంబరపడింది. వాళ్ల మేనేజరు సారు గిర్నికి వచ్చి, మిషన్లు చూసి, నాలుగు తుమ్ములు తుమ్మి, సరే అన్నాడు. దసరాకు పదకొండు రోజుల ముందు లోన్ మంజూరైంది. షెడ్డు నా పేరు మీదే రిజిస్టర్ అవుతుంది. ఒక్క షరతు పెట్టారు. నా చరిత్ర మరీ చిన్నది కాబట్టి, మంచి స్కోరు ఉన్న మనిషి ఒకరు నా అప్పుకు హామీగా జమానతు ఉండాలి.

కొడుకును తీసుకుపోయాను. వాడు షోరూంకు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కాగితాల మీద ముందు నేను పెట్టాను. వాడి వంతు వచ్చినప్పుడు ఆ అమ్మాయి పెన్ను చేతికివ్వకుండా, ఇది తెలుసుకుని పెట్టమంది. అమ్మ ఒక్క నెల తప్పినా ఆమె స్కోరుతోపాటు నీ స్కోరు కూడా పడుతుంది, నీ పెండ్లి తరువాత ఇల్లు కట్టుకోవాలన్నా కష్టమవుతుంది అని చెప్పింది. వాడు ఒక్క క్షణం ఆలోచించాడు. తరువాత నవ్వాడు.

“జర టైంకు కట్టమ్మా, లేకుంటే నా పేరు ఖరాబైతది” అన్నాడు.

బల్ల దగ్గర అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ఇంట్లో మగవాళ్ల పేరు ఖరాబు కాకుండా కడుతూ ఉండటం తప్ప పాతికేండ్లుగా నేను చేసిన పని ఇంకేముంది? ఆ సంగతి ఒక కాగితం మీదికి ఎక్కడం మాత్రం అదే మొదటిసారి. కడతానురా, పెట్టు అన్నాను. వాడు తల వంచి, నా పేరు కింద ఉన్న గీత మీద సంతకం పెట్టాడు.